వీధి కొట్టు, పది నిమిషాల డెలివరీ: గుత్తాధిపత్యం ఎక్కడ మొదలవుతుంది?

హైదరాబాద్‌లో మా వీధి చివర ఒక కిరాణా కొట్టుంది. పాతికేళ్లుగా నడుస్తోంది. మొన్నొక సాయంత్రం పెరుగు ప్యాకెట్ కోసం వెళ్తే, కొట్టాయన గల్లాపెట్టె కింద నుంచి ఒక బిల్లు తీసి నా చేతిలో పెట్టారు. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన బిల్లు అది. బట్టల పౌడర్ ప్యాకెట్ ఉన్న వరుస మీద వేలు పెట్టి, "నాకు పడింది 182 సార్" అన్నారు. తర్వాత ఫోన్ తీసి, పది నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే ఒక యాప్‌లో అదే ప్యాకెట్ చూపించారు. 171 రూపాయలు. "నేను కొనే రేటు కంటే వాళ్లు అమ్మే రేటు తక్కువ. ఇంక నేను ఎవరితో పోటీ పడాలి?"

దేశమంతా నడుస్తున్న వాదన ఆ బిల్లులోనే ఉంది. 2024లో పంపిణీదారుల జాతీయ సమాఖ్య ఇదే ఫిర్యాదుతో, మార్కెట్లో పోటీ సరిగ్గా జరుగుతోందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ తలుపు తట్టింది. ఏడాదిలో 2 లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని కూడా చెప్పింది. అది ఆ సమాఖ్య వేసిన అంచనా, ప్రభుత్వ లెక్క కాదు. అదే ఏడాది ఆగస్టులో ఢిల్లీలో విడుదలైన పహ్లే ఇండియా ఫౌండేషన్ నివేదికేమో, ఆన్‌లైన్ అమ్మకందారుల వల్ల 1.58 కోట్ల ఉద్యోగాలు వచ్చాయంది. ఆ నివేదిక విడుదల సభలోనే కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ ఈ-కామర్స్ పెరుగుదల సంబరపడాల్సిన విషయం కాదని, ఆందోళన పడాల్సిన విషయమని అన్నారు. ఇంతకీ ఎవరి మాట నిజం? జవాబు చెప్పుకునే ముందు కొన్ని చిక్కుముడులు విప్పుకోవాలి.

గుత్త అనే మాటలోనే ఉంది విషయం

ఊరి చెరువులో చేపలు పట్టుకునే హక్కు వేలం పాట పాడి తీసుకుంటే దాన్ని గుత్తకు తీసుకోవడం అంటారు. ఆ ఏడాదికి ఆ చెరువులో ఇంకెవరూ వల వెయ్యకూడదు. గుత్తాధిపత్యం అనే మాట అక్కడిదే. అయితే ఊరి గుత్తకు గడువుంటుంది, పాట మళ్లీ జరుగుతుంది. కంపెనీల గుత్తకు గడువు ఎవరూ పెట్టరు.

దీనికి రెండు వైపులున్నాయి. అమ్మేవాడు ఒక్కడే అయితే కొనేవాళ్లు వాడు చెప్పిన ధర ఇవ్వాల్సిందే. ఇది అందరికీ తెలిసిన వైపు. కొనేవాడు ఒక్కడే అయితే అమ్మేవాళ్లు వాడిచ్చిన ధర పుచ్చుకోవాల్సిందే. మన ఊళ్లను ఎక్కువగా దెబ్బతీసింది ఈ రెండో వైపే, కానీ దాని గురించి మాట్లాడుకునేది తక్కువ. పాలు, పత్తి, మిర్చి, టమాటా ఏదైనా సరే, కల్లం దగ్గర కొనేవాడు ఒక్కడే ఉన్న రోజు రైతుకు ధర గురించి మాట్లాడే నోరుండదు.

తక్కువ ధర తప్పెప్పుడు అవుతుంది?

ఒక సెంటర్లో ఇడ్లీ బండి ఉందనుకుందాం. ప్లేటుకు ఖర్చు 22 రూపాయలు, అమ్మేది 30కి. పక్కన ఇంకో బండి వచ్చింది. దాని యజమాని పిండి తనే రుబ్బుకుంటాడు, ఖర్చు 18 పడుతుంది, 24కి అమ్ముతాడు. మొదటి బండికి గిరాకీ తగ్గింది. బాధే కానీ ఇందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు మూడో బండి వచ్చింది. దీనికీ ఖర్చు 22 రూపాయలే, కానీ 12కే అమ్ముతోంది. ప్లేటుకు 10 రూపాయల నష్టం బయటి నుంచి వచ్చిన పెట్టుబడి భరిస్తోంది. ఏడాది తిరిగేసరికి మిగతా రెండు బండ్లూ పోయాయి. ఆ తర్వాత ప్లేటు 40 అయింది. దీన్ని ప్రిడేటరీ ప్రైసింగ్ అంటారు. మన మాటలో పొట్టకొట్టే ధర. చిక్కేమిటంటే, మొదటి రోజు వీధిలో నిలబడి చూసేవాడికి రెండో బండికీ మూడో బండికీ తేడా కనిపించదు. రెండూ చౌకే.

1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం స్థానంలో వచ్చిన 2002 పోటీ చట్టం దీన్ని గుర్తించింది. పోటీని తగ్గించాలనో, పోటీదారుల్ని వెళ్లగొట్టాలనో ఖర్చు కంటే తక్కువకు అమ్మితే అది చట్టవిరుద్ధం. కానీ ఒక షరతు ఉంది. అలా అమ్మేవాడు అప్పటికే మార్కెట్లో ఆధిపత్యంలో ఉన్నవాడై ఉండాలి. పెద్దవాడు కావడం తప్పు కాదు, పెద్దరికాన్ని దుర్వినియోగం చేస్తేనే తప్పు.

ఈ షరతును దాటి ఫిర్యాదు నెగ్గిన కేసు ఒకటుంది. కరెన్సీ డెరివేటివ్స్, అంటే విదేశీ డబ్బు మారకం రేట్ల మీద నడిచే కాంట్రాక్టుల లావాదేవీలకు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ రుసుమే తీసుకోలేదు. పోటీ ఎక్స్ఛేంజ్ ఫిర్యాదు చేసింది. ఆ సున్నా ధర అన్యాయమైన ధరేనని 2011లో కాంపిటీషన్ కమిషన్ తేల్చి 55.5 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

క్యాబ్‌ల దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయింది. బెంగళూరులో ఓలా ఖర్చు కంటే తక్కువకు క్యాబ్‌లు నడుపుతోందని వేరే క్యాబ్ కంపెనీలు ఫిర్యాదు చేశాయి. 2017లో కమిషన్ ఓలాకు ఆధిపత్యం లేదంది, ఎందుకంటే ఎదురుగా ఉబర్ ఉంది. ఉబర్ మీద ఢిల్లీ ప్రాంతం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక్కో ట్రిప్పుకు 204 రూపాయల నష్టానికి నడుపుతున్నారన్న ఆరోపణ చూసి, ఇంత నష్టానికి నడపడానికి వేరే కారణం కనబడటం లేదని కోర్టు 2019 సెప్టెంబరులో విచారణకు దారి తెరిచింది. విచారణ అయ్యాక 2021లో కమిషన్ మళ్లీ పాత మాటే చెప్పింది. ఉబర్‌కు ఆధిపత్యం లేదు, ఎందుకంటే ఎదురుగా ఓలా ఉంది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరు పెద్దవాళ్లు ఒకే సమయంలో నష్టాలకు అమ్ముతుంటే, చట్టం లెక్కలో ఇద్దరిలో ఎవరూ పెద్దవాళ్లు కారు. ఇద్దరినీ కలిపి ఆధిపత్యం అనడానికి మన చట్టంలో చోటు లేదు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు మధ్యలో మూడోవాడు పోతే, ఫిర్యాదు చెయ్యడానికి నిందితుడే దొరకడు. నా దృష్టిలో ఈ చట్టంలో అసలు లోటు ఇదే. క్విక్ కామర్స్‌లోనూ, అంటే నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌ల వ్యాపారంలోనూ, మూడు నాలుగు పెద్ద కంపెనీలు ఒకదానితో ఒకటి తలపడుతున్నాయి కాబట్టి అదే గోడ మళ్లీ అడ్డొస్తుంది.

ఆ షరతు ఊరికే పెట్టలేదన్నది కూడా ఒప్పుకోవాలి. తక్కువకు అమ్మడమే తప్పైతే, ప్రారంభోత్సవ ఆఫర్ పెట్టిన ప్రతి కొత్త కొట్టు మీదా పాత కొట్టువాళ్లు కేసు వేస్తారు. చట్టం కాపాడాల్సింది పోటీని, పోటీదారుల్ని కాదు అనే వాదనకు బలం అక్కడి నుంచే వస్తుంది.

బిల్లులో ఉన్నది వేరే సమస్య

ఇప్పుడు మా కొట్టాయన బిల్లు దగ్గరికి వద్దాం. యాప్ 171కి అమ్ముతోంది కదా, అది నష్టానికేనా? కాకపోవచ్చు కూడా.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 200. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు 173కి వచ్చిందనుకుందాం. ఆయన తన ఖర్చు, లాభం వేసుకుని కొట్టుకు 182కి ఇచ్చాడు. యాప్‌కు సరుకు చేర్చే సంస్థ డిస్ట్రిబ్యూటర్ జోలికి పోకుండా కంపెనీ దగ్గరే లారీల లెక్కన 163కి తీసుకుంటే, 171కి అమ్మినా 8 రూపాయలు మిగులుతాయి. 182, 171 బిల్లులోవి, ఫోన్లోవి. మిగతావి అర్థం కావడానికి వేసినవి. ఇందులో పొట్టకొట్టే ధర ఎక్కడా లేదు. ఉన్నదల్లా కొనుగోలు ధరలో వివక్ష. ఒకే సరుకు, ఒకే కంపెనీ, ఇద్దరికి రెండు రేట్లు. చాలా చర్చల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు, అందుకే వాదన ముందుకు కదలదు.

కంపెనీవాళ్ల మాట కూడా వినాలి. లారీ ఒకే గోడౌన్‌కు వెళ్లి దించేస్తుంది. వంద కొట్లకు ఆటోల్లో తిప్పక్కర్లేదు, అప్పు వసూళ్ల తిప్పలు లేవు. ఆ మిగులులో వాటా ఇస్తే తప్పేమిటి? తప్పు లేదు, ఇచ్చిన రాయితీ నిజంగా మిగిలిన ఖర్చుకు సమానంగా ఉన్నంతవరకు. మిగిలింది 7 రూపాయలై, ఇచ్చింది 19 అయితే, ఆ పైనున్న 12 రూపాయలు బేరం చేసే బలానికి ఇచ్చినవి. ఆ లోటును కంపెనీ ఎవరి దగ్గర పూడ్చుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

అమెరికాలో 1936లోనే రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం ఈ గీత గీసింది. ఖర్చు తేడా చూపించగలిగితే ధర తేడా ఉండొచ్చు, లేకపోతే కుదరదు. వీధి కొట్లను పెద్ద గొలుసు దుకాణాల నుంచి కాపాడటానికి తెచ్చిన చట్టం అది. ఇది చౌకను ఆపుతుందన్న విమర్శతో 1980ల తర్వాత దాదాపు అటకెక్కించారు. 2024 డిసెంబరులో ఒక పెద్ద మద్యం పంపిణీ సంస్థ మీద మళ్లీ బయటికి తీశారు. మన చట్టంలోనూ ధరల వివక్ష తప్పే, కానీ అక్కడ కూడా ఆధిపత్యం షరతు ఉంది.

చట్టం పలకని చోట వ్యాపారులు తామే గొంతెత్తిన సందర్భం ఒకటుంది. పెద్ద సంస్థలకు ఒక రేటు, తమకు ఒక రేటు ఏమిటని 2022 జనవరిలో మహారాష్ట్ర డిస్ట్రిబ్యూటర్లు కోల్గేట్ ఉత్పత్తుల్లో కొన్నింటి సరఫరా ఆపేశారు. ఒక్క డిస్ట్రిబ్యూటర్ ఆపితే కంపెనీ ఇంకొకరిని పెట్టుకుంటుంది. అందరూ కలిసి ఆపారు కాబట్టి మాటకు విలువ వచ్చింది.

విదేశీ సొమ్ము నిబంధన ఎంతవరకు?

విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ సంస్థ సొంతంగా సరుకు పెట్టుకుని అమ్మకూడదు. అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలిపే సంతలా మాత్రమే ఉండాలి. 2019 ఫిబ్రవరి 1 నుంచి దీన్ని ఇంకా బిగించారు. ఆ సంస్థకు వాటా ఉన్న వ్యాపారి అదే సైట్లో అమ్మకూడదు. ఇష్టమైన కొద్దిమంది అమ్మకందారులకే పెద్దపీట వేస్తున్నారన్న ఫిర్యాదు మీద అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై 2020లో విచారణ మొదలైంది. 2024లో దర్యాప్తు విభాగం తప్పు జరిగిందని తేల్చింది, కంపెనీలు కాదన్నాయి, వ్యవహారం కోర్టుల్లో పడింది.

కానీ ఈ నిబంధన చూసేది డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని, ఎంత పెద్దదని కాదు. 2025లో, నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్ బ్లింకిట్ మాతృసంస్థ ఎటర్నల్ తన విదేశీ వాటాకు 49.5 శాతం పరిమితి పెట్టుకుంది. అప్పుడది చట్టం లెక్కలో భారతీయుల యాజమాన్యంలోని కంపెనీ, సరుకు సొంతంగా పెట్టుకోవచ్చు. వీధి కొట్టుకు ఎదురుగా నిలబడ్డ గోడౌన్ మాత్రం అదే.

వంద రూపాయలు ఊళ్లో ఎంతసేపు ఉంటాయి?

"లోకల్‌గా కొనండి" అనే మాట తరచూ వింటాం. నేనూ అంటాను. అయినా లెక్క వేసి చూడాలి. ఆ బట్టల పౌడర్‌ను కొట్లో 200కి కొంటే, కొట్టాయనకు మిగిలేది 18. ఆ 18లోంచి గది అద్దె, కుర్రాడి జీతం, కరెంటు బిల్లు పోతాయి, అవి చాలావరకు మన పేటలోనే తిరుగుతాయి. డిస్ట్రిబ్యూటర్‌ది ఇంకో 9. మిగతా 173 ఎక్కడ కొన్నా బయటికి పోయేదే. డార్క్ స్టోర్, అంటే జనం లోపలికి వెళ్లని ఆ డెలివరీ గోడౌన్, అదీ అద్దె కడుతుంది, సంచులు సర్దే పిల్లలకూ బండి మీద తెచ్చేవాళ్లకూ డబ్బిస్తుంది. కాబట్టి ప్యాకెట్ సరుకు వరకు చూస్తే తేడా మనం అనుకునేంత పెద్దది కాదు.

ఈ లెక్కలో కనబడనిది ఒకటుంది. మా కొట్లో ఉద్దెర పుస్తకం. నీలం అట్ట, చివరలు నలిగిపోయి ఉంటుంది. మేస్త్రి, ఇస్త్రీ ఆయన, రెండిళ్లలో పని చేసే ఆవిడ, ఒక్కొక్కరికి ఒక పేజీ. జీతం రాగానే కొట్టివేస్తారు, మళ్లీ రాస్తారు. లాక్‌డౌన్ నెలల్లో రెండు పేజీలు నిండినవాళ్లకూ ఆయన బియ్యం ఆపలేదు. యాప్‌లోనూ తర్వాత కట్టే సౌకర్యం ఉండొచ్చు, కానీ కిస్తీ దాటితే అక్కడ మాట్లాడటానికి మనిషి ఉండడు.

పాల ప్యాకెట్ లెక్క పూర్తిగా వేరు. వినియోగదారుడు ఇచ్చే ప్రతి రూపాయిలో 80 పైసల దాకా రైతుకు చేరుతుందని అమూల్ చెబుతుంది. డబ్బు ఊళ్లో ఉండాలంటే కొట్టు ఎక్కడుందన్నది ఒక్కటే చూస్తే చాలదన్నమాట. సరుకును తయారుచేసే, శుద్ధి చేసే యంత్రం ఎవరి చేతిలో ఉందన్నది ఇంకా ముఖ్యం.

కొనేవాడు ఒక్కడే అయినప్పుడు: కైరా, ముల్కనూర్

పాలు పితికిన కొన్ని గంటల్లో చల్లబరచకపోతే విరిగిపోతాయి. రైతు బేరానికి ఆగలేడు. 1945లో బొంబాయికి పాలు పంపే ఏర్పాటులో గుజరాత్‌లోని కైరా జిల్లా పాలు సేకరించే హక్కు పోల్సన్ అనే డెయిరీ చేతికి వచ్చింది. అసలైన గుత్త అదే. రైతులు సర్దార్ పటేల్ దగ్గరికి వెళ్తే, పాలు మీరే సేకరించి మీరే అమ్ముకోండి అన్నారు. పదిహేను రోజులు పాలు పోయడం ఆపేశారు. 1946 డిసెంబరు 14న సంఘం రిజిస్టరైంది. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో రెండు ఊళ్ల సంఘాలతో, రోజుకు 247 లీటర్లతో మొదలైంది. అదే తర్వాత అమూల్ అయింది.

మన దగ్గర ఇలాంటి ఊరు ముల్కనూర్. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో అక్కడ సహకార సంఘం మొదలైంది. దాని కిటుకు వినడానికి చాలా మామూలుగా ఉంటుంది: అప్పు, ఎరువు, పంట అమ్మకం మూడూ ఒకే గొడుగు కింద ఉండటం. షావుకారు దగ్గర అప్పు తెచ్చినవాడు పంట కూడా ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే పోస్తాడు. సంఘం అప్పు ఇచ్చి, ఎరువులిచ్చి, పంట తీసుకుని, బాకీ పట్టుకుని మిగతాది చేతిలో పెడితే ఆ ముడి తెగిపోతుంది. పైగా సంఘానికి సొంత రైస్ మిల్లు ఉంది, పత్తి జిన్నింగ్ ఉంది. వడ్లు అమ్ముకునే స్థానం నుంచి బియ్యం అమ్ముకునే స్థానానికి వచ్చారు.

అక్కడే 2002లో మహిళా పాల ఉత్పత్తిదారుల డెయిరీ మొదలైంది. పాల పేరు స్వకృషి. యజమానులు గేదెలు మేపే ఆడవాళ్లే. ఇలాంటి ఊరి పాలకేంద్రం తెల్లవారుజామున చూడాలి. స్టీలు క్యాన్లతో లైను కడతారు. ప్రతి ఒక్కరి పాలలో కొంచెం తీసి వెన్న శాతం చూస్తారు, చీటీ ఇస్తారు. అంకె తక్కువొస్తే "నిన్న ఇంతొచ్చింది, ఇయ్యాల ఇదేంది?" అని అక్కడే అడుగుతారు. కొలిచే యంత్రం తమది కాబట్టే ఆ ప్రశ్న అడగగలుగుతున్నారు.

దీని వెనక ఒక చట్టం ఉంది. అంతకుముందు సహకార సంఘాల్లో ప్రభుత్వ వాటా ఉండేది, దాంతోపాటు ప్రభుత్వ పెత్తనమూ ఉండేది. ఎన్నికలు వాయిదా వేసి, ప్రభుత్వం నియమించే పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టడం మామూలు. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఆ రెంటినీ తీసేసి, సభ్యుల డబ్బుతో సభ్యులే నడుపుకునే దారి ఇచ్చింది. దేశంలో ఇలాంటి మొదటి చట్టం అది.

అయితే సహకారానికి ఒక బలహీనత ఉంది. బయటి వ్యాపారి వచ్చి లీటరుకు 3 రూపాయలు ఎక్కువిస్తానంటే? ఈ నెల ఆ మూడు రూపాయలు పిల్లల ఫీజుకు కావాలి. సగం మంది అటు పోస్తే సంఘం యంత్రాలు సగం ఖాళీగా తిరుగుతాయి, ఖర్చు పెరిగి సంఘం మూతపడుతుంది, తర్వాతి నెల వ్యాపారి 5 తగ్గిస్తాడు. మూడో ఇడ్లీ బండి కథే ఇది, తిరగేసి చెప్పాను. ఎక్కువ ధర ఇచ్చి కూడా పొట్టకొట్టొచ్చు.

సహకార సంఘమే కొండంత అయితే?

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమూల్‌తో కలిసి పాల సేకరణ మొదలుపెట్టినప్పుడు, పోటీ వస్తే రైతుకు రేటు పెరుగుతుందని కొందరన్నారు. రాష్ట్రంలోని డెయిరీలు ఏమైపోతాయని మరికొందరన్నారు. 2023లో కర్ణాటకలో అక్కడి సహకార పాల బ్రాండ్ నందిని కోసం, తమిళనాడులో అక్కడి ఆవిన్ కోసం అదే గొడవ జరిగింది. గుజరాత్ రైతులకు అమూల్ సొంత సంఘం. చిత్తూరు రైతుకు అది బయటి నుంచి వచ్చిన కొనుగోలుదారు, బోర్డులో ఆయనకు ఓటు లేదు. మంచి రేటు ఇవ్వొచ్చు, నిజాయితీగా కొలవొచ్చు. అయినా రేటు నిర్ణయించే కుర్చీ ఎక్కడుందన్న ప్రశ్నకు సహకారం అన్న పేరు ఒక్కటే జవాబు కాదు.

అందరూ వాడుకునే రోడ్డు వేస్తే?

ఇంకో ఆలోచన ఓఎన్‌డీసీ, అంటే ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్. 2021 చివర్లో కేంద్రం చొరవతో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ ఇది. ఒక యాప్‌లో నమోదైన కొట్టు, కొనేవాళ్లు వాడే ఇతర యాప్‌లన్నింటిలోనూ కనిపించాలన్నది దీని ఉద్దేశం. సంత ఒకరి సొంతం కాకుండా రోడ్డులా అందరిదీ కావాలని. మంచి ఊహే. కానీ యూపీఐ కూడా ఇలాంటి రోడ్డే, దాని మీద నడిచే లావాదేవీల్లో దాదాపు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పేలవే. ఒక్కో యాప్ వాటా 30 శాతం దాటకూడదని 2020లో పెట్టిన నిబంధన అమలును 2026 డిసెంబరు దాకా వాయిదా వేశారు. రోడ్డు అందరిదే అయినా లారీలున్నవాడిదే సరుకు. పెద్ద డిజిటల్ సంస్థలకు ముందే హద్దులు గీసే బిల్లు ముసాయిదా 2024 మార్చిలో వచ్చింది. అది చట్టమైతే కొత్త కంపెనీలు పెరగవని ఒక వాదన, కాకపోతే విచారణ తేలేలోపు మార్కెట్ చేయి దాటిపోతుందని ఇంకో వాదన. ఓలా, ఉబర్ కేసులు చదివాక నాకు రెండోదే ఎక్కువ నిజమనిపిస్తోంది.

మా వీధి కొట్టాయన ఇవేవీ తేలేదాకా ఆగలేదు. పక్క వీధుల్లో ఇంకో ముగ్గురితో మాట్లాడుకుని, పప్పులు, చింతపండు, ఎండుమిర్చి బేగంబజార్‌లో ఒకేసారి బస్తాల లెక్కన తెచ్చుకుంటున్నారు. ఒక ట్రాలీ ఆటో, నలుగురికీ కిరాయి పంపకం. కందిపప్పులో ఇప్పుడు యాప్ రేటుకు దగ్గరగా ఇవ్వగలుగుతున్నారు. బట్టల పౌడర్ మాత్రం అలా తెచ్చుకోవడం కుదరలేదు. ఈ ఏరియాకు ఒక్కడే డిస్ట్రిబ్యూటర్, నలుగురికీ నాలుగు బిల్లులే ఇస్తానన్నాడు. కలిపి ఒకే ఆర్డర్ పెడితే రేటు తగ్గిస్తారా అని ఆయన కంపెనీ సేల్స్ మేనేజర్‌ను అడిగారు. పైవాళ్లను కనుక్కుని చెప్తానని ఆ మేనేజర్ వెళ్లారు. నిన్న నేను కొట్టుకెళ్లేసరికి ఇంకా ఫోన్ రాలేదు.